జేజి పీకని బుడంతీగ

మొన్న మా కోడలు కర్నూల్లో పెద్ద దుకాణం నుంచి ఒక గాజుసీసా తెచ్చింది. లోపల బొటనవేలంత పచ్చటి కాయలు పులుసునీళ్ళలో మునిగి ఉన్నాయి. "గెర్కిన్లు అత్తయ్యా, రొట్టెల మధ్య పెట్టుకొని తింటారు" అంది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. తిరక్కపోతే ఏం, పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి కదా అని ఒకటి తీసి కొరికాను. ముందు పులుపు తగిలింది. పులుపు వెనకాల సన్నగా చేదు తగిలింది. నమలడం ఆపేశాను.

"బుడంకాయ" అన్నాను పైకే.

"అదేం కాయ?" అని అడిగింది కోడలు. చెప్పాలంటే మా దొడ్డి చెప్పాలి, జేజిని చెప్పాలి, మా మేనత్తను చెప్పాలి. ఆ పిల్లకు ఆఫీసు వేళైంది. "ఏదో లే, మా చిన్నప్పటి కాయ" అని ఊరుకున్నాను. అప్పటి నుంచి మనసు ఇంట్లో లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇప్పటి పిల్లలకు దోసకాయ అంటే కీరా. చక్రాల్లా కోసి పళ్ళెం చుట్టూ పేరుస్తారు. దానికి రుచి లేదని నేను అనను. నీళ్ళకు ఎంత ఉంటుందో అంత ఉంటుంది. మా చిన్నతనంలో మాకు తెలిసినవి రెండే రెండు కాయలు. ఒకటి దోస, ఒకటి బుడం. దోస మా జేజిది. బుడం ఎవరిదీ కాదు.

మైదుకూరు నుంచి కాస్త లోపలికి పోతే నల్లరేగడి పొలాల మధ్య మా ఊరు. మాది మట్టిమిద్దె. వెనక దొడ్డి, దొడ్డి చుట్టూ నిలువుగా పాతిన కడపబండలు, ఒక మూల చేదబావి, దాని పక్కన స్నానాల బండ. బండ మీద పోసుకున్న నీళ్ళు సన్నటి కాలువలో పోయి దోసపాదులకు పారేవి. ఇంటిల్లిపాదీ స్నానాలు చేసేది ఆ పాదుల కోసమేనన్నట్టు ఉండేది జేజి వ్యవహారం. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. నేను చలికి భయపడి స్నానం ఎగ్గొట్టబోతే రెక్క పట్టుకొని లాక్కుపోయేది.

"నీ ఒళ్ళు మురికి పట్టినా పాయె. పాదుకు నీళ్ళు యాడివి మే?" అనేది.

ఆ దోసకాయ గుండ్రంగా, పసుప్పచ్చగా ఉండేది. కోస్తుంటే వాసన వీధి అరుగు దాకా వచ్చేది. కందిబేడలతో పప్పు చేస్తే ముక్క చెదరకుండా ఉండి నోట్లో కరిగేది. వేయించిన చెనిక్కాయల పొడి కలిపి రోట్లో దంచిన దోసకాయ ఊరుబిండి, పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన జొన్నరొట్టె ఉంటే మా నాయన మాట్లాడేవాడు కాదు. మామూలుగానే ఆయన మాటలు తక్కువ, ఆ రోజు అవీ ఉండేవి కావు. ఊళ్ళో ఎవరింట పెండ్లి జరిగినా పప్పులోకి దోసకాయలు మా దొడ్డివే. అడగడానికి వచ్చినవాళ్ళను జేజి ముందు బాగా తిట్టి, తర్వాత గంప నింపి పంపేది.

ఇక బుడంకాయ. నిమ్మకాయంత ఉంటుంది, ఆకుపచ్చ మీద తెల్లటి చారలు. లేతది చేదు, దోరది పులుపు, పండింది ఘుమఘుమలాడుతుంది. దాన్ని ఎవరూ విత్తరు. తొలకరి పడితే జొన్నచేలల్లో సాళ్ళ మధ్య దానంతటదే మొలుస్తుంది. పసులు కాసేవాళ్ళు, కలుపుకు వచ్చినవాళ్ళు, బడి ఎగ్గొట్టిన మాలాంటివాళ్ళు తింటారు. ఊళ్ళో అందరూ వాటిని కోసి, ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి వరుగులు చేసుకొనేవాళ్ళు. వానాకాలం పోయాక ఆ వరుగులు నూనెలో వేయిస్తుంటే ఆ వాసనకు నేను ఎవరి వాకిట్లోనో ఒకరి వాకిట్లో నిలబడేదాన్ని. ఎందుకంటే మా ఇంట్లో బుడంకాయ గడప దాటకూడదు. అది జేజి శాసనం.

"ఎందుకు జేజీ?" అని అడిగాను ఒకసారి.

"బుడంపూవు మింద వాలిన ఈగ వచ్చి మన దోసపూవు మింద వాలిందనుకో, అంతే. ఆ ఏడు ఏం తెల్దు. కాయ బాగనే ఉంటాది. ఇత్తనంలో దూరతాది చేదు. మరుసటేడు వేసినాక తెలుస్తాది. తెలిసి ఏం చేస్తావు? ఇంగ ఆ ఇత్తనం పోయినట్టే."

అందుకని రోజూ తెల్లవారగానే పాదుల్లో తిరిగేది. రెండు మొలకలూ ఒకేలా ఉంటాయి. జేజి ఒంగి, ఆకు కొస గిల్లి వాసన చూసి, బుడం మొలక అయితే వేళ్ళతో సహా పీకేసేది. పీకినదాన్ని అక్కడ పారేసేది కూడా కాదు, తెచ్చి పొయ్యిలో పెట్టేది.

ఆ దోస విత్తనం జేజి పుట్టింటిది. వేంపల్లె దగ్గరి ఊరు వాళ్ళది. అత్తవారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యంతోపాటు వాళ్ళమ్మ ఒక పేడముద్ద ఇచ్చిందట, లోపల దోస విత్తనాలు పెట్టి. మా దగ్గర విత్తనం దాచడం అట్లాగే. తీగ మీద మంచి కాయ చూసి, దాని తొడిమకు గుడ్డపీలిక కడతారు. అది విత్తనాల కాయ. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. పండి, పగిలేదాకా ఉంచి, గింజలు తీసి, బూడిదలో పొర్లించి, పేడలో కలిపి వంటింటి గోడకు కొడతారు. పొగకు ఎండి, పురుగు పట్టకుండా ఏడాది నిలుస్తాయి. మా వంటింటి గోడ నిండా ఆ ముద్దలే ఉండేవి. ఒక్కొక్క ముద్ద మీద జేజి వేళ్ళ అచ్చులు.

ఊరివాళ్ళంతా విత్తనం జేజి దగ్గరే తీసుకొనేవాళ్ళు. ఒక ఏడో రెండేళ్ళో బాగానే కాసేది. తర్వాత వాళ్ళ దోసకు చేదు ఎక్కేది. రోజూ లేచి బుడం మొలక పీకే ఓపిక ఎవరికుంది? మళ్ళీ వచ్చి మా గడపలో నిలబడేవాళ్ళు. "ఏం మే, చేదు ఎక్కించుకొని వచ్చినావా? సిగ్గుండాదా?" అని జేజి గోడ మీది ముద్ద ఊడదీసి ఇచ్చేది. తిట్టేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. ఆ ఊళ్ళో జేజికి నగలూ లేవు, పెద్దరికమూ లేదు. ఆ గోడే ఉండేది.

నేను చేసిన దొంగపని ఒకటి ఉంది. లేతపిందెను తీగ నుంచి తెంపకుండా, నేల మీద బోర్లా పడుకొని, అడుగువైపు కొరికి, కొరికినచోట మట్టికి ఆనేట్టు పెట్టేదాన్ని. పైనుంచి చూస్తే నిండుకాయే. జేజి దాన్ని చీమలబారు చూసి కనిపెట్టేది. "ఎలకలు శానా ఎక్కువైనాయి" అని నా వైపు చూసేది. ఆ విద్య నాకు నేర్పింది మా మేనత్త, నాయనకు చెల్లెలు. అత్త పెండ్లికి ముందు నాకు అత్త కాదు, అక్క. ఇద్దరం కలిసే బోర్లా పడుకొనేవాళ్ళం.

అత్తను బద్వేలు దగ్గరి ఊరికి ఇచ్చారు. ఆమె ఒడిలోనూ జేజి పేడముద్ద పెట్టింది. అక్కడ రెండో ఏడే చేదు ఎక్కింది. అత్త ఏం చేస్తుంది, ఆ ఇంటి చుట్టూ బుడంతీగలే. పండక్కి వచ్చినప్పుడు ఆ మాట చెప్పి ఏడ్చింది. జేజి ఈసారి తిట్టలేదు, "పోనీలే, ఈడికొచ్చి తిను" అంది. అయితే అత్త ఏడ్చింది దోస కోసం ఒక్కటే కాదు. అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది.

నేను చెప్పబోయే ఏడు తొలకరి మోసం చేసింది. ఒక వాన పడి, అందరూ విత్తాక, మళ్ళీ మబ్బు కనబడలేదు. మొలకలన్నీ మాడిపోయాయి. ఊరివాళ్ళు మళ్ళీ విత్తనాలకు వచ్చారు, జేజి మళ్ళీ ఇచ్చింది. ఎండవేడికి మన మొలకలూ మాడాయి కదా, మనకూ కావాలి, చూసి ఇవ్వమని మా అమ్మ మెల్లగా చెప్పింది. జేజి వినలేదు. ఇచ్చి ఇచ్చి, చివరి ముద్ద మా పాదులో చిదిమింది. గోడ బోడిగా కనిపించింది. ఊరివాళ్ళ పాదులకు నీళ్ళు లేక రెండోసారీ ఎండాయి. మా స్నానాల నీళ్ళకు మా పాదు ఒక్కటే బతికింది. జేజి పుట్టింట్లో ఆ విత్తనం ఎప్పుడో పోయింది. ఆ దోస ఇక మా దొడ్డిలో తప్ప ఎక్కడా లేదు.

ఆలస్యంగానైనా వానలు పడి, చేలు పచ్చబడ్డాక, అత్తను తీసుకొని మామ వచ్చాడు. అత్త మళ్ళీ కడుపుతో ఉంది. బండి దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయి, కండ్లు మాత్రం పెద్దగా కనిపించాయి. మామ మంచివాడు. అరుగు మీద కూచొని తల ఎత్తకుండా జేజితో చెప్పాడు.

"ఏం తిన్యా నిలవడంల్యా అత్తా. నీళ్ళు కూడా నిలవడంల్యా. నీ చేతికూడైనా నిలుస్తాదేమోనని పిల్చకొచ్చినా."

జేజి తనకు తెలిసిందంతా వండింది. పోయినేడు ఎండబెట్టిన దోసవరుగుల పప్పు, కొర్రన్నం, పలచటి సంగటి, మిరియాల చారు. అత్తకు పొయ్యి వాసన వస్తేనే కడుపులో తిప్పేది. ఒక ముద్ద తినేది, పరుగెత్తి బండ దగ్గరికి పోయేది. మంత్రసాని ముసలమ్మ వచ్చి అత్త చెయ్యి పట్టి, కడుపు తడిమి చూసింది. జేజిని పక్కకు పిలిచింది. నేను జేజి కొంగు పట్టుకొని ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"బిడ్డ నిలవల్లంటే తల్లి కడుపులో కూడు నిలవల్ల. మన్ను తింటానంటే మన్నే పెట్టు. ఇట్లే ఉంటే ఈసారి ఇద్దరూ దక్కరు మే."

జేజి వంటింట్లోకి పోయి మళ్ళీ పొయ్యి ముట్టించింది.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నేను చేను నుంచి లంగా కుచ్చెళ్ళలో బుడంకాయలు దాచుకొని వచ్చి, స్నానాల బండ వెనక కూచొని ఉప్పు అద్దుకొని తింటున్నాను. దొడ్డిలో జేజికి కనబడని చోటు అదొక్కటే. అత్త గాలికని అటు వచ్చింది.

"ఏందే అది?"

"ఏంల్యా."

"నోరు తెరువు."

తెరిచాను. అత్త వాసన చూసింది. నా చేతిలోది లాక్కొని తొక్కతో సహా తినేసింది. తిని, నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం వాంతి కోసం ఎదురుచూశాం. రాలేదు.

"ఇంగోటి ఉండాదా?" అంది.

ఆ రోజు సాయంత్రం అత్త తనంతట తానే సంగటి అడిగింది. ఎడమచేతి గుప్పిట్లో బుడంకాయ దాచుకొని, ఒక ముద్ద సంగటి తినడం, ఎవరూ చూడకుండా ఒక కొరుకు కొరకడం. కంచం ఖాళీ అయింది. నంజుకోను తాను పెట్టిన చెనిక్కాయల ఊరుబిండి వల్లే తినిందని జేజి పొంగిపోయి వీధంతా చెప్పింది. నేనూ అత్తా ఒకరి ముఖం ఒకరం చూడకుండా నవ్వు ఆపుకొన్నాం. రోజూ నేను కాయలు తేవడం, ఇద్దరం బండ వెనక తినడం, గింజలు అక్కడే ఉమ్మడం. అత్త బుగ్గల్లోకి మెల్లగా నెత్తురు వచ్చింది. నా చిన్నతనంలో అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు ఇంకేవీ గుర్తు లేవు.

జేజి ముక్కును మాత్రం ఎవరూ మోసం చేయలేరు. ఒకరోజు అత్త తలకు నూనె రాస్తూ ఆగిపోయింది. "నోట్లో ఏం తిన్యావు?" అని అడిగింది. అత్త దాచలేదు.

"అది తింటేనే ముద్ద దిగుతాండాదిమా" అంది.

కొంప మునిగిందనుకొన్నాను. జేజి నూనె చెయ్యి కొంగుకు తుడుచుకొని, నన్ను పిలిచి "చేన్లో ఇంగా ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పాను. "ఉంటే తీస్కరా. వీధి అరుగు మింద తినండి. గింజలు పొయ్యిలో ఉమ్మల్ల. దొడ్డిలోకి మాత్రం రానియ్యొద్దు" అంది. దొడ్డిలో అప్పటికే ఎన్ని ఉమ్మామో చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

అంతలో ఊళ్ళో గుంటకలు తోలారు. జొన్న మోకాలెత్తు పెరిగాక ఎద్దులకు గుంటక కట్టి సాళ్ళ మధ్య దున్ని కలుపంతా లేపేస్తారు. బుడం కూడా కలుపే. ఒక్క వారంలో చేలన్నీ శుభ్రమైపోయాయి. గట్ల మీద మిగిలిన తీగలను మేకలు మేసేశాయి. నేను ఊరి చుట్టూ తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. నాయన మైదుకూరు సంతకు పోయి వచ్చి, ఎన్నడూ లేనిది నాలుగు మాటలు మాట్లాడాడు.

"వంకాయలమ్మేవాన్ని బుడంకాయలుండాయా అని అడిగినా. ఎగాదిగా చూసినాడు. 'ఏమప్పా, మీ ఊర్లో కలుపుగూడా కొనుక్కొని తింటారా?' అన్యాడు."

మామూలప్పుడైతే అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు అమ్మ కొంచెం నవ్వబోయి ఊరుకొంది. అత్త మళ్ళీ చాపకు అతుక్కుపోయింది. చింతపండు పెట్టారు, నిమ్మకాయ పెట్టారు, మామిడి ఊరగాయ టెంక పెట్టారు. పులుపే కదా అనుకొన్నారు. పక్కింట్లో అడిగి పాత బుడంవరుగులు తెచ్చి వేయిస్తే ఆ నూనె వాసనకే అత్త లేచి పరుగెత్తింది. ఏదీ నిలవలేదు. మజ్జిగ నీళ్ళు మాత్రం ఉగ్గుగిన్నెతో పోస్తే సగం దిగేవి.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున జేజి వెంట నేనూ పాదుల్లోకి పోయాను. దోస మంచి పూత మీద ఉంది. జేజి తీగలు ఎత్తి చూస్తూ, కాలువ వెంబడి వచ్చి, బండ వెనక్కి ఒంగి ఆగిపోయింది. అక్కడ మేం ఉమ్మిన గింజలు మొలిచి, ఎప్పుడూ తడి నేల కావడంతో బలంగా పెరిగి, ఒక తీగ బండ చుట్టూ తిరిగి దోసపాదు వైపు పాకుతోంది. కణుపు కణుపుకూ సన్నటి మొగ్గలు ఉన్నాయి. జేజి ఆకు గిల్లి వాసన చూడాల్సిన పని లేకపోయింది.

తీగ మొదలు పట్టుకొంది. నేను కండ్లు మూసుకొన్నాను. వేళ్ళు తెగే చప్పుడు వస్తుంది, తర్వాత నా వీపు మీద దెబ్బ చప్పుడు వస్తుంది అనుకొన్నాను. ఏదీ రాలేదు. ఇంట్లోంచి అత్త వాంతి చేసుకొంటున్న చప్పుడు వచ్చింది. లోపల ఏమీ లేనప్పుడు వచ్చే ఆ వట్టి చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. కండ్లు తెరిచి చూస్తే జేజి తీగ మొదలు పట్టుకొని అట్లాగే ఒంగి ఉంది. చెయ్యి బిగిసి ఉంది. ఆమె చూపు మాత్రం దోసపూల మీద ఉంది.

తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే వదిలింది. తీగ మొదలుకు మట్టి ఎగదోసి నొక్కింది. కాలితో కాలువ గట్టు తెంపి, నీళ్ళు ఆ తీగకు మళ్ళించింది.

"మీ అత్తకు చెప్పొద్దు" అంది నాతో. "చేన్లోవేనని చెప్పు."

"జేజీ, మరి దోస?" అన్నాను.

"నోరు ముయ్యి మే" అంది. నన్ను కొట్టలేదు. కొట్టివుంటే బాగుండేదని నాకెందుకో అనిపించింది.

అత్తకు కనబడకుండా బండకు బోదగడ్డి కట్ట ఒకటి అడ్డం పెట్టింది. ఆ తీగకు కాయ పట్టేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. నేను లేచీలేవగానే పోయి చూసేదాన్ని. పూలు విచ్చాయి. చిన్నచిన్న తేనెటీగలు బండ వెనక నుంచి దోసపాదుకు, దోసపాదు నుంచి బండ వెనక్కి తిరుగుతుండేవి. నేను కొంగులాంటిదేదైనా ఉంటే తోలుదామని చూసేదాన్ని. తోలితే బుడం కాయదు కదా అని గుర్తొచ్చి నిలబడిపోయేదాన్ని. జేజి వాటి వైపు చూసేది కాదు.

మొదటి కాయలు జేజే కోసి కొంగులో తెచ్చింది. "చేన్లో గట్టు కింద ఒక తీగ మిగిలిందంట, పాప చూసి తెచ్చింది" అని అత్త ముందు పెట్టింది. అత్త కాయలను చూసింది, వాళ్ళమ్మ ముఖం చూసింది. ఒకటి తీసుకొని కొరికింది. మెల్లగా నమిలింది. ఆ పూట సంగటి నిలిచింది. మరుసటి పూట కూడా నిలిచింది. ఆ తీగ వానలు పోయేదాకా కాసింది. అది ఎండిపోయే నాటికి అత్త వాంతులూ ఆగిపోయాయి, కడుపులో బిడ్డ కాలితో తన్నడం మొదలైంది.

ఆ ఏడు దోస ఎప్పటిలాగే కాసింది, ఎప్పటిలాగే ఉంది. అత్త కూడా రెండు ముద్దలు దోసకాయ పప్పు తినింది. జేజి ఎప్పటిలాగే తొడిమకు గుడ్డపీలిక కట్టి, గింజలు తీసి, గోడకు ముద్దలు కొట్టింది. ఊరివాళ్ళు మాత్రం విత్తనం అడిగితే లేదు పొమ్మంది. "ఈయేడు ఎవురికీ ఇయ్యను. ముందు నేను ఏసి చూడల్ల" అంది. ముసలామెకు గర్వం తలకెక్కిందని అనుకొంటూ పోయారు.

ఎండాకాలం మొదట్లో అత్త ఆడబిడ్డను కనింది. ఆ ఏడుపు విని నాయన అరుగు మీద కూచొని కండువాతో ముఖం కప్పుకొన్నాడు. మంత్రసాని బిడ్డను తెచ్చి జేజి ఒడిలో పెట్టింది. జేజి బిడ్డ తల వాసన చూసి, చాలాసేపు అట్లాగే పట్టుకొని కూచొంది.

మరుసటి తొలకరికి విత్తింది. తీగలు ఏపుగా సాగాయి. కాయలు ఎప్పటికన్నా ఎక్కువే పట్టాయి. మొదటి కాయ కోసిన రోజు జేజి దాన్ని కత్తిపీట మీద పెట్టి, కొస కోసి, నాలుక మీద ఆనించుకొంది. పక్కన పెట్టింది. ఇంకో తీగది కోసింది. ఇంకో తీగది. ప్రతి తీగ నుంచీ ఒక కాయ కోసి, రుచి చూసి, వరసగా బండ మీద పెట్టుకొంటూ వచ్చింది. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకొన్నాను. రంగు అదే, వాసన అదే. నమిలితే నాలుక ముడుచుకుపోయేంత చేదు. బర్రెకు వేస్తే అది కూడా మూతి తిప్పుకొంది.

జేజి కొంగు నడుముకు చెక్కుకొని పాదులోకి దిగింది. ఒక్కొక్క తీగనే మొదలంటా పీకింది. నేను సాయం పోబోతే వద్దంది. అన్నీ పీకి, కుప్ప చేసి, వంటింట్లోకి పోయి గోడ మీది ముద్దలన్నీ గీకేసింది. మరుసటి రోజు ఆ పాదులో అనపగింజలు విత్తింది. ఆమె ఏడవడం నేను చూడలేదు. స్నానాల నీళ్ళ గురించి మాత్రం ఆ తర్వాత నన్నెప్పుడూ కేకలు వేయలేదు. వేస్తే బాగుండునని చలిలో కూడా అనిపించేది.

బిడ్డను ఎత్తుకొని అత్త వచ్చినప్పుడు "అమ్మా, మన దోసకాయ పప్పు చెయ్యిమా" అని అడిగింది. "ఈయేడు పురుగు పట్టింది పాపా" అంది జేజి. మరుసటి ఏడు అడిగితే కోతులు పాడుచేశాయని చెప్పింది. ఆ తర్వాత అత్త అడగలేదు. జేజి మాత్రం బతికినన్నాళ్ళూ సంత నుంచి దోసకాయ వస్తే కొస కోసి నాలుకకు ఆనించుకొనేది. చేదు లేని కాయలు కూడా వచ్చేవి. "బాగనే ఉండాది" అని మా అమ్మ చేతికి ఇచ్చేసేది.

ఇప్పుడు ఆ మిద్దె లేదు. దొడ్డి ఉన్నచోట ఎవరివో వాహనాలు నిలుపుతారు. జేజి, నాయన, అమ్మ అందరూ పోయారు. మా ఇంట్లో ఆ దోసకాయ తిన్న నోళ్ళలో మిగిలినవి రెండే, నాదీ అత్తదీ. పోయిన చలికాలంలో అత్తను చూడాలని బద్వేలు పోయాను. అత్త మంచంలో ఉంది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. ఆ రోజు పుట్టిన బిడ్డే ఇప్పుడు తల నెరిసి, తల్లికి అన్నం కలిపి తినిపిస్తోంది. ఆమె గిన్నెలు తీసుకొని లోపలికి పోయాక ఇన్నేళ్ళూ కడుపులో దాచుకొన్న మాట చెప్పేశాను. ఆ బుడంకాయలు చేనువి కావు అత్తా అని.

"తెలుసే నాకు" అంది అత్త.

నేను బిత్తరపోయాను.

"గుంటక తోలినాక చేన్లో తీగ యాడిది మే? నేనూ ఆ ఇంటి బిడ్డనే గదా. అమ్మ కొంగులో నుంచి కాయ తీస్తా నా మొగం చూడకపాయె. తినకపోతే బిడ్డ పోతాది. తింటే అమ్మ దోస పోతాది. తెలిసే తిన్యా. పురుగు పట్టిందంటే ఔనా అన్యా. కోతులంటే ఔనా అన్యా."

"జేజితో ఎప్పుడూ అనలేదా?"

"ఎట్లంటా? అంటే ఆమె నా ముందర ఏడ్వల్ల గదా."

లోపల కూతురు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. అత్త నా చెయ్యి పట్టుకొంది.

"నీకు గుర్తుండాదా, ఆ రుచి?"

"ఉండాదత్తా" అన్నాను.

"ఎట్లుంటాదో చెప్పు. నాకు దొరకడంల్యా."

చెప్పబోయాను. కోసేటప్పటి వాసన చెప్పగలను. గోడ మీది వేళ్ళ అచ్చులు చెప్పగలను. బోర్లా పడుకొని కొరికినప్పుడు ముక్కుకు అంటిన తడిమట్టిని చెప్పగలను. రుచి దగ్గరికి వచ్చేసరికి నాలుక మీద ఏమీ లేదు. తీపి అందామంటే తీపి కాదు, పులుపు అందామంటే పులుపూ కాదు. అత్త నా నోటి వైపే చూస్తోంది.

"చేదుండదత్తా" అన్నాను చివరికి.

"ఔను మే, చేదుండదు" అంది అత్త.

అంతకు మించి మా ఇద్దరికీ ఏమీ గుర్తు రాలేదు.